వదిన నింపిన సొరబుర్రలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కొంచెం పెంచి చెప్పే మనిషిని. ఆ ‘కొంచెం’ అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. బచేలిలో మా ఇనుపగనుల కంపెనీ స్టోర్సులో ఎవరినడిగినా చెబుతారు. నేను దున్నపోతును చూశానంటే వాళ్లు దూడ అనుకుంటారు. వరద వచ్చిందంటే గొడుగు తీసుకుని నింపాదిగా బయలుదేరుతారు. మా ఆవిడైతే నా మాటల్ని చేటలో పోసుకుని, చెరిగి, అడుగున మిగిలినదాన్నే నమ్ముతుంది. మీరూ చేట దగ్గర పెట్టుకోండి. చెరగడం చేతకాకపోతే చివరిదాకా ఆగండి, అచ్చంగా నేను కల్పించిన ముక్క ఏదో నేనే చూపిస్తాను. అది ఒక్కటే. మిగతావన్నీ నిజాలే, కాకపోతే కాస్త వాపు మీద ఉన్న నిజాలు.

మొన్న ఒక సాయంత్రం బైలాడిలా కొండల మీద వాన పట్టింది. కొండ ఎర్రమన్నంతా కరిగి మా క్వార్టర్ల వెనక కాలవలో గోరింటాకు రసంలా పారుతోంది. వరండాలో కూర్చుని దాన్ని చూస్తుంటే ఫోను మోగింది. ఎక్కడో చలిదేశం నుంచి ఒక ఆవిడ సందేశం. ఇంగ్లీషులో ఉన్నదాని సారం ఇది: “వదిన గారికి. మీ దీపం కింద మా అమ్మాయి రోజూ చదువుకుంటోంది. పక్కింటి ముసలావిడ తనకూ ఒకటి కావాలంటోంది. మీ ఇంట్లో అందరూ బాగున్నారా? వానలు పడ్డాయా?”

వానలు పడ్డాయి అని టైపు చేశాను. ఆ తరవాత వేలు కదల్లేదు. వదిన పోయి కొన్ని నెలలైంది.

ఆ ‘వదిన’ నా భార్యకు అక్క. కానీ ప్రపంచంలో చాలా దేశాలవాళ్లకు అదొక దుకాణం పేరు. వస్తువులు విదేశాలకు అమ్మిపెట్టే ఒక సైటులో దుకాణం తెరిచేటప్పుడు పేరు అడిగితే, ఏం రాయాలో తెలియక నేను ‘వదిన’ అని కొట్టేశాను. సముద్రాల అవతల అదేదో పాత, పెద్ద కంపెనీ అనుకున్నారు. ఒకాయన మీ వదిన సంస్థలో ఎంతమంది ఉద్యోగులున్నారని అడిగాడు. వదిన ఆలోచించి, “పందిరి మీద కాయల్ని గూడ కలపాల్నా?” అంది.

ఎర్రబోరులో హైవేకి ఆనుకుని ఆమె ఇల్లు. వరండానే ఆఫీసు. గడ్డి, అట్టపెట్టెలు, పాత హిందీ పేపర్లు, వాటి మధ్య కొంగు నడుముకు చుట్టి కూర్చున్న వదిన. కళ్లజోడుకు ఒక పక్క దారం. ఆ దారం చెవి చుట్టూ రెండు మెలికలు తిరిగి జడలోకి వెళ్లిపోయేది. పెట్టెలకు వేసే టేపును కత్తెరతో కోయడం ఆమెకు నామోషీ. పళ్లతో పట్టి చర్రున చింపేది. ఆ చప్పుడుకు ఊళ్లో కుక్కలు లేచి నిలబడేవి. కోంట వైపు పోయే లారీవాళ్లు టైరు పేలిందనుకుని పక్కకు ఆపి దిగి చూసుకునేవారు. మా తోడల్లుడు, అంటే వదిన మొగుడు, ఆ లారీవాళ్లకు టీ అమ్మితే పొలం కంటే ఎక్కువ వస్తుందని లెక్కలు వేసేవాడు. ఆయన లెక్కలు వేయడమే గాని పైకి మాట్లాడింది తక్కువ.

భాషల్ని ఆమె గిన్నెల్లా వాడేది, దేనిలో వండేది దానిలోనే. బేరం హిందీలో. పాట హల్బీలో. పరాచికాలు దోర్లీలో. తిట్టడం మాత్రం తెలుగులోనే, ఎంత దూరం నుంచి వచ్చినవాడినైనా. ఆ నాలుగింట్లో దేనిలోనూ ఒదగని ఇంగ్లీషు కోసం నన్ను పెట్టుకుంది. నెలలో ఒకటి రెండు ఆదివారాలు బస్సులో ఎముకలన్నీ విడివిడిగా లెక్కపెట్టించుకుంటూ దంతెవాడ, సుక్మా, దోర్నాపాల్ మీదుగా నేను ఎర్రబోరు చేరేవాణ్ణి. మంచినీళ్లు ఇచ్చేలోపే ఫోను చేతిలో పెట్టేది.

అసలిదంతా మొదలైంది సుక్మాలో ఒక శిక్షణ శిబిరంతో. చిన్న చిన్న చేతిపనులవాళ్లు పరదేశాలకు ఎలా అమ్ముకోవాలో నేర్పారు. పొద్దున్నుంచి తెర మీద బొమ్మలు చూపించారు. వదిన వాటిలో మొదటి బొమ్మకే నిద్రపోయిందనీ, మధ్యాహ్నం టీ వాసనకు లేచిందనీ ఆమే చెప్పింది. లేచేసరికి తెర మీద భూగోళం తిరుగుతోంది. ఒక సగం వెలుగు, ఒక సగం చీకటి. చీకటి సగం మెల్లమెల్లగా జరుగుతూ దేశాల మీదికి వస్తోంది. ఆమె దాన్ని నోరు తెరుచుకుని చూసింది.

ఇంటికొచ్చి నాకు ఫోను చేసింది. “మర్ది, సముద్రం అవతల గూడ పొద్దు గూకుతదంట గదా.”

“గూకుతుంది వదినా. ఎప్పటినుంచో.”

“మరి చెప్పవేంది ఇన్నొద్దులు? చీకటి పడ్డంక దీపం గావాలె గదా వాళ్లకు.”

వ్యాపారం గురించి ఆమె నేర్చుకున్నది అంతే. తెలుసుకోవలసింది కూడా అంతే అని ఆమె నమ్మకం.

దీపాలంటే సొరబుర్రలు. మా వైపు పందిళ్ల మీద సొరకాయను ముదరనిచ్చి, ఎండబెట్టి, లోపలి గుజ్జూ గింజలూ తీసేస్తే గట్టి బుర్ర అవుతుంది. అడివికి పోయేవాళ్లు అందులో నీళ్లో, జావో పోసుకుని భుజానికి తగిలించుకుంటారు. ఆ బుర్ర మీదే కాల్చిన కత్తితో లేళ్లనీ, నెమళ్లనీ, చేతులు పట్టుకుని ఆడే మనుషుల్నీ గీసి, సన్నగా రంధ్రాలు పొడిచి, అడుగున బల్బు పెట్టి చెక్కమూత వేస్తే దీపం. కొండగావ్ నుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గర చుట్టుపక్కల ఊళ్ల దోర్ల తెగ ఆడవాళ్లు ఆ పని నేర్చుకున్నారు. వాళ్లలో పెద్దది దేవె. నవ్వితే మనిషంతా కదిలేది. వదినకు జంట. ఇద్దరూ రోజుకోసారి పోట్లాడుకోకపోతే సొరతీగె కూడా పూత వేయదని చెప్పుకునేవారు.

సైటులో పెట్టే ఫొటోకు వెనక తెల్లగా ఉండాలన్నారు. ఇంట్లో తెల్లగా ఉన్నది ఒకటే, మా తోడల్లుడి పెళ్లిళ్ల పంచె. వదిన దాన్ని గోడకు మేకులతో కొట్టేసింది. అప్పటినుంచి ఆయన ఏ పెళ్లికైనా గళ్ల లుంగీతోనే వెళ్లాడు. ఎవరైనా అడిగితే, “నా పంచె ఫారిన్ల ఉన్నది” అనేవాడు. ఆయన జీవితంలో అన్న పొడుగాటి వాక్యం బహుశా అదే.

ఇక పొద్దు గూకే వేళ. అది చెప్పాలంటే నాకు ఉన్న అతిశయోక్తి చాలదు.

పెట్టెలో పెట్టే ముందు ప్రతి దీపాన్నీ వెలిగించి చూడాలని వదిన నియమం. వెనక గది తలుపులు మూసి, బుర్రను దూలానికి వేలాడదీసి, స్విచ్ వేసేది. మట్టిగోడల మీద వెలుగు చుక్కలు చల్లినట్టు పడేవి. గాలికి బుర్ర మెల్లగా తిరిగితే గోడ మీద లేళ్లు నడిచేవి. వడ్ల బస్తాల మీదుగా, గొడ్డలి మీదుగా, మా తోడల్లుడి గడ్డం మీదుగా నడిచి మూలకు పోయేవి. వదిన చాప మీద వెల్లకిలా పడుకుని చూసేది. చాలాసేపు మాట్లాడేది కాదు. ఆమె మాట్లాడకుండా ఉండే సమయం అదొక్కటే కనుక మేమంతా చప్పుడు చేయకుండా తలుపు దగ్గర కూర్చునేవాళ్లం.

“ఇది పోయేది మంచు పడే ఇంటికి,” అనేది చివరికి, నిద్రలో మాట్లాడినట్టు. “కిటికీ పెద్దగుంటది. ఒక్కతే ఉంటది ఆడమనిషి. పిల్లి ఉంది.”

“పిల్లి కూడా కనబడిందా వదినా?”

“తెల్లది. నీ లెక్కనే లావుగుంది.”

నేను నవ్వేవాణ్ణి. తరవాత ఒకసారి నిజంగానే ఒక ఫొటో వచ్చింది. పెద్ద కిటికీ, బయట మంచు, లోపల మన దీపం, దాని కింద పిల్లి. పిల్లి నల్లది. వదినకు చూపిస్తే ఫొటోను దగ్గరగా పెట్టుకుని, “నీడ పడ్డది దానిమీద” అని తేల్చేసింది.

దీపం బయలుదేరాక ఇంకో సంబరం. పార్సిల్ ఎక్కడిదాకా వెళ్లిందో ఫోనులో కనిపిస్తుంది కదా. ఎర్రబోరులో నెట్ సరిగ్గా అందేది పశువుల కొట్టం పక్కన మాత్రమే. ఆదివారం నేను వచ్చానంటే దేవె, తక్కిన ఆడవాళ్లు కొట్టం దగ్గర చేరేవారు. నేను చదవాలి, వాళ్లు వినాలి.

“రాయ్‌పూర్‌లో ఉంది.”

“మొన్న గూడ ఆడనే గదా. ఏం చేస్తున్నదంట?” దేవె అడిగేది.

“ఆగింది. రేపు విమానం ఎక్కుతుంది.”

“ఎవరింట్ల దిగింది? వాళ్లు మంచోళ్లేనా?”

“గోడౌన్‌లో ఉంటుంది దేవక్కా. గోడౌన్‌లో ఎవరూ ఉండరు.”

ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. పెళ్లిచేసి పంపిన పిల్ల దారిలో ఎక్కడో ఒంటరిగా కూర్చుందని విన్నట్టు. వదిన అప్పుడు సర్దిచెప్పేది, “ఇంకా శానా బుర్రలుంటయి తియ్యి. ఒకదాన్నొకటి చూసుకుంటుంటయి.” సముద్రం దాటుతున్నప్పుడు ఫోనులో ఏమీ రాదు. ఆ రోజుల్లో వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పైనెక్కడో మబ్బుల్లో తమ బుర్ర పోతోందని, ఏ విమానం చప్పుడు వినిపించినా పని ఆపి ఆకాశంలోకి చూసేవారు. నేను కూడా చూడటం మొదలుపెట్టాను. ఇందులో నా వాపు ఏమీ లేదు. బచేలిలో డ్యూటీలో ఉండి కూడా చూసేవాణ్ణి.

ఉత్తరాల సంగతి వేరే. కొన్నవాళ్లు ఏదైనా అడిగితే వదిన తెలుగులో చెప్పాలి, నేను ఇంగ్లీషులో కొట్టాలి. “ఎండల పెట్టకు అని చెప్పు. ముసురు పట్టినప్పుడు బూజు కనబడితే పొడిగుడ్డతోని తుడువుమను. ఇంట్ల పెద్దోళ్లున్నరా అడుగు. పిల్లల చేతికి ఇయ్యొద్దు, ఇచ్చినా తిట్టొద్దు. ఈసారి మాకు వానలు ఎనకబడ్డయని చెప్పు.”

నేను రెండు వాక్యాలు కొట్టేవాణ్ణి. ఆమె కళ్లజోడు సర్దుకుని తెర వైపు వంగేది.

“ఇంత చెప్తే గింతే కొట్టినవేంది?”

“ఇంగ్లీషులో అంతే వదినా. కుదించుకుపోతుంది.”

“ఉతికితే కుదించుకపోయేది గుడ్డ. మాట ఎట్ల కుదించుకపోతది? మల్ల కొట్టు. వానల సంగతి రాలే దాంట్ల.”

వానల సంగతి కొట్టేవాణ్ణి. వాళ్లు కూడా తమ వానల సంగతి రాసేవారు. దీపాల బేరం జరుగుతూనే ఉండేది, దాని చుట్టూ సగం భూగోళం వాతావరణం ముచ్చటించుకుంటూ ఉండేది. ఒకావిడ మాత్రం, “లోపల పెట్టిన సువాసన కానుకకు కృతజ్ఞతలు” అని రాసింది. ఎండిన బుర్రకు ఒక రకం వాసన ఉంటుంది, దాన్నే మెచ్చుకుంటోందనుకుని నేను పట్టించుకోకుండా వదిలేశాను.

అలా ఉండగా పెద్ద ఆర్డరు వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న ఏదో దేశంలో ఒక హోటలు. భోజనాల గది కప్పు నిండా మన దీపాలే వేలాడాలట. ముందు మచ్చుకు కొన్ని పంపండి, బాగుంటే తక్కినవన్నీ తీసుకుంటాం అన్నారు. చుట్టుపక్కల ఊళ్లలో పందిరి లేని ఇంటికి కూడా పందిరి లేచింది. కోడిగూళ్ల మీద సొరతీగె పాకింది. దేవె ఇంటి కప్పు మీద కాయల బరువుకు దూలం మూలిగేదని అనేవారు. ఒక పంటకాలం కాయ అంతా ఆ హోటలు కోసమే ముదిరింది.

మచ్చు పెట్టెలు వెళ్లాయి. ఫోనులో సముద్రం దాటాయి. ఆ తరవాత కదల్లేదు. కొట్టం దగ్గర అందరూ చుట్టూ మూగి ఉండగా నేను సైటువాళ్ల నోటీసు చదివాను. ‘సొరబుర్రల లోపల ఆకుల్లో చుట్టిన ధాన్యం, ఎండిన పూలు దొరికాయి. ఆ దేశపు నిబంధనల ప్రకారం పార్సిల్‌ను కాల్చివేశారు. ఇంకొకసారి ఇలా జరిగితే మీ దుకాణం శాశ్వతంగా మూసివేయబడుతుంది.’

“కాలవెట్టిన్రా?” అంది దేవె. ఆమె గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు.

“ధాన్యం ఎవరు పెట్టారు?” అన్నాను నేను, స్టోర్సులో దొంగను పట్టేవాడి ధోరణిలో.

“నేనే వెట్టిన,” అంది వదిన. దాచుకునే పని కాదన్నట్టు. “ప్రతి దాంట్ల వెట్టిన. మొదటి దీపం కాడి నుంచి.”

మోదుగాకులో చిటికెడు బియ్యం, ఒక ఇప్పపువ్వు. మడిచి, బుర్ర లోపల ఇరికించి, అప్పుడు చెక్కమూత బిగించేది. మనలో మనకు తెలిసిందే. పక్కింటివాళ్ల గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వం. ఏదో ఒకటి, కాస్త బెల్లం ముక్కైనా వేసి ఇస్తాం. ఖాళీ పాత్ర ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోకూడదు. సొరబుర్ర కూడా పాత్రే. నీళ్లు మోసిన పాత్ర. దానికి దీపం అని పేరు పెట్టినంత మాత్రాన ఖాళీగా ఎలా పంపుతారు? ఇది వదినకు ఎంత మామూలు సంగతి అంటే, నాకు చెప్పాలని కూడా తోచలేదు.

“మన చెక్‌పోస్టుల్ల బాంబులకు ఎతుకుతరు,” అంది దేవె. “వాళ్లు బియ్యం కోసం ఎతుకుతరా?”

“గింజతో పాటు పురుగు వస్తుందని వాళ్ల భయం,” అన్నాను. “మన పురుగు వాళ్ల పొలాల్లో పడితే పంట పోతుంది.”

వదిన నా వైపు తిరిగింది. “వాళ్లకు పొలాలున్నయా?”

“ఉండవా మరి? ఏం తింటారు?”

“నేను అందరు బంగళాలల్లనే ఉంటరనుకున్న.” కొట్టంలో ఎద్దుల వైపు చూసింది. “పొలాలున్నయంటే వాళ్లన్నది నిజమే. మా తమ్మి ఎవరో ఇచ్చిన ఇత్తులు జల్లితే చేనంత తెగులొచ్చింది. తప్పు నాదే. మరి బియ్యం కాకుంటే ఏం వెట్టాలె, అడుగు.”

ఆ వారమంతా నేను సైటువాళ్లకు రాసిన ప్రశ్నలు చదివితే వాళ్లు మా ఊళ్లో అందరికీ ఎండదెబ్బ తగిలిందనుకుని ఉంటారు. బెల్లం పెట్టవచ్చా? పసుపు కొమ్ము? ఉప్పు కల్లు? వేయించిన పేలాలైతే మొలకెత్తవు కదా, అవి? ప్రతిదానికీ ఒకటే జవాబు. వస్తువు లోపల ఏమీ ఉండరాదు. వస్తువు ఖాళీగా ఉండవలెను.

“కాగితం మీద రెండు ముక్కలు రాసి పెడదాం వదినా,” అన్నాను.

“కాయితం తింటరా?” అంది. తరవాత నెమ్మదిగా, “ఖాళీగనే గావాలని వాళ్లే అడుగుతున్నరా మర్ది? నోరు తెరిచి?” అంది.

“అవును.”

 ఒక పక్క హోటలువాళ్లు ఇంకోసారి మచ్చు పంపమన్నారు. వెనక గదిలో పంటకాలమంతా ముదిరిన బుర్రలు దూలాలకు వేలాడుతున్నాయి. దేవె వచ్చి వదిన ఎదుట కూర్చుని, “ఇప్పుడేం జేద్దామే?” అని అడిగితే, వదిన దగ్గర నాలుగు భాషల్లోనూ మాట లేదు. ఖాళీవి పంపితే తన చేత్తో తను చేయరాని పని. పంపకపోతే ఆ ఊళ్ల ఆడవాళ్ల దీపాలన్నీ దూలాలకే.

పెట్టెలు కట్టే ఆదివారం వచ్చింది. పని చేసిన ఆడవాళ్లంతా పొద్దు వాలకముందే ఊళ్లకు వెళ్లిపోయారు. వరండాలో వదిన, నేను మిగిలాం. మా తోడల్లుడు పొలంలో ఉన్నాడు. రోడ్డు మీద ఎర్రటి ఎండ, పడమటి నుంచి వాలుగా, పెట్టెల మీద పడుతోంది. వదిన ఒక బుర్రను ఒళ్లో పెట్టుకుంది. పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. బోర్లించి అడుగున రంధ్రంలోకి చూసింది. తరవాత దాన్ని మొహం దగ్గరికి తెచ్చి, రంధ్రానికి పెదవులు ఆనించి ఏదో అంది. చాలా మెల్లగా. నాకు వినబడలేదు. బుర్రలో ఆ మాట తిరిగిన చప్పుడు మాత్రం, శంఖంలో గాలిలా, కొంచెం వినబడింది. మాట చల్లారకముందే చెక్కమూత బిగించేసింది. టేపు నోట పట్టి చర్రున చింపింది. ఇంకో బుర్ర తీసుకుంది.

“ఏమన్నావు వదినా దానితో?”

“నీకు చెప్పేది గాదు.”

అన్నిటికీ అలాగే. ఒక్కోదానికి ఒక్కో మాట, కొన్నిటికి పొడుగు, కొన్నిటికి పొట్టి. సముద్రాల అవతల అధికారులు ఆ పెట్టెల్ని విప్పారు, బుర్రల్లో టార్చిలైట్లు వేసి వెతికారు, ఊపి చూశారు, వాసన చూసే కుక్కల్ని కూడా తెచ్చి ఉంటారు. ఏమీ దొరకలేదు. పార్సిల్ కదిలింది. హోటలువాళ్లు తక్కినవన్నీ తెప్పించుకున్నారు. భోజనాల గది ఫొటో పంపారు. కప్పు నిండా మన బుర్రలు, గోడల నిండా మన లేళ్లు, ఎవరెవరో తెల్లటి మనుషులు తినడం ఆపి పైకి చూస్తున్నారు. దేవె ఆ ఫొటోను చూసి తన బుర్ర ఏదో వేలుపెట్టి చూపించింది. ఆ మూలది, కొంచెం వంకర మెడది. దాని కింద కూర్చున్నవాళ్లంతా కడుపునిండా తిన్నట్టే ఉన్నారని కూడా అంది.

వదిన చలికాలం మొదట్లో పోయింది. మధ్యాహ్నం అన్నం తిని, ఒక్క నిమిషం నడుం వాలుస్తానని వెనక గదిలో చాప మీద పడుకుందట. మా తోడల్లుడు పొలం నుంచి వచ్చి, నిద్రపోతోంది కదా అని, లేపకుండా పక్కన కూర్చున్నాడట. ఎంతసేపు కూర్చున్నాడో ఆయన చెప్పడు.

నా మాట ప్రకారం ఇప్పుడు చేట ఇలా ఇవ్వండి. కుక్కలు లేచింది నిజం. లారీలు ఆగాయన్నది వాపు, ఒకే ఒక్క లారీ ఆగింది, దానికి నిజంగానే టైరు పేలింది. పంచె నిజం. నల్ల పిల్లి నిజం. విమానం చప్పుడుకు తలెత్తడం నిజం, ఇప్పటికీ ఎత్తుతాను.

బుర్రలో మాట చెప్పడం నేను కల్పించాను.

ఆ సాయంత్రం వదిన బుర్రను ఒళ్లో పెట్టుకున్నది నిజమే. చాలాసేపు పెట్టుకుంది. పెదవులు కదల్లేదు. చివరికి దాన్ని నా చేతిలో పెట్టి లేచింది. “నువ్వు మూసెయ్యి మర్ది. నాతోని గాదు. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పేటోడివి గదా, నీ చేతికైతే తేడా తెల్వదు” అంది. వెళ్లి వరండా చివర, నాకు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. నేను మూతలన్నీ బిగించేదాకా తిరగలేదు. ఆ రోజు నుంచి ఆమె బుర్రల్ని తుడిచింది, వెలిగించి చూసింది, గడ్డిలో పడుకోబెట్టింది. మూత మాత్రం ఒక్కటీ తను బిగించలేదు. ఆదివారం దాకా ఆపి, ఆడవాళ్లను పంపేసి, నా చేత వేయించేది. ప్రతిసారీ అలా వెళ్లి నిలబడేది. ఆ బాధ ఆమెకు తీరిందని నేననుకోను.

ఆమె దినాలు అయ్యాక దేవె, తక్కిన ఆడవాళ్లు నా చుట్టూ కూర్చున్నారు. గదిలో చేసిపెట్టిన దీపాలు వేలాడుతున్నాయి, కొన్నవాళ్లు ఎదురుచూస్తున్నారు, కానీ ఎవరి చేతా మూత పడటం లేదు. ఖాళీవి పంపాకే ఆమె పోయిందని వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారు. ఇక ఈ పని వద్దు, మానేద్దాం అన్నారు. “నువ్వు ఆఖరిదాక ఉన్నవు గదా,” అంది దేవె. “మమ్మల్ని పంపేసి ఎట్ల మూసేది ఆమె?”

అప్పుడు నా నోటినుంచి వచ్చింది ఆ కథ. ఖాళీగా పంపలేదు దేవక్కా, మాట నింపి పంపేది అన్నాను. పెదవులు, శంఖం, చల్లారకముందే మూత, అన్నీ అప్పటికప్పుడు వచ్చేశాయి. నా జీవితంలో ఏ అబద్ధాన్నీ అంత తక్కువ పెంచి చెప్పలేదు. మీకు కూడా అదే చెప్పాను. వాళ్లలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు లేరు కనుక ఇంత ధైర్యంగా రాస్తున్నాను. దయచేసి ఎర్రబోరు వైపు వెళ్లినప్పుడు ఎవరూ దీన్ని వాళ్లకు చదివి వినిపించకండి.

చలిదేశపు ఆవిడకు ఏం రాయాలో తోచక, ఆమె అడిగిన దీపం సంగతి చూద్దామని పోయిన ఆదివారం బస్సెక్కాను. వాన వెలిసి నేల నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. వరండాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో బుర్ర మీదికి వంగి ఉన్నారు. దోర్లీలో, హల్బీలో, తెలుగులో ఏవో మాటలు, తుమ్మెదలు తిరిగినట్టు. వినబడితే బాగుండునని రెండడుగులు దగ్గరికి వేశాను. దేవె తలెత్తి నన్ను చూసింది. అంటున్న మాట ఆపేసి, బుర్ర మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

నేను వరండా చివరికి వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.